మన చెత్త పక్క బల్ల మీదికి: పిల్లలు కట్టే నగరాల్లో అసలు చదువు ఎక్కడుంది?

ఏడెనిమిదేళ్ల పిల్లలు ఆరుగురు ఒక బల్ల చుట్టూ చేరి నగరం కడుతున్నారనుకోండి. అట్టపెట్టెలు ఇళ్లయ్యాయి, సీసా మూతలు చెట్లయ్యాయి, నీలం గుడ్డ ముక్క నది అయింది. ఆసుపత్రి ఉంది, బడి ఉంది, జూ ఉంది, ఒకడు పట్టుబట్టి పెట్టించిన రాకెట్ స్టేషన్ కూడా ఉంది. టీచర్ వచ్చి అన్నీ చూసి, బాగుందని చెప్పి, ఒక్క ప్రశ్న అడుగుతుంది: "మరి ఈ ఊళ్లో చెత్త ఎక్కడికెళ్తుంది?" కాసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత ఒక పాప నల్ల కాగితం ఉండ చుట్టి బల్ల అంచున, ఇంకొంచెం జరిపితే కింద పడేంత చివర పెడుతుంది. "ఊరి బయట, టీచర్." అప్పుడు టీచర్ పక్క గుంపు బల్లని లాక్కొచ్చి ఈ బల్లకి ఆనిస్తుంది. నల్ల ఉండ ఇప్పుడు అవతలి ఊరి బడి గోడ పక్కనే ఉంది. అటువైపు నుంచి వెంటనే అరుపు: "ఏయ్, మా బడి పక్కన మీ చెత్తేంటి!"

పిల్లల చేత ఆరోగ్యకరమైన, సుస్థిరమైన నగరాలు కట్టించే ప్రాజెక్టుల ఫొటోలు ఆన్‌లైన్‌లో చాలానే కనిపిస్తాయి. అన్నిట్లోనూ పూర్తయిన మోడల్ ముందు ఉంటుంది, నవ్వుతూ నిలబడ్డ పిల్లలు వెనక ఉంటారు. ఆ నల్ల ఉండ దగ్గర జరిగిన గొడవ మాత్రం ఏ ఫొటోలోనూ ఉండదు, నాకు చూడాలనిపించేది అదే. ఎందుకంటే నగరం అంటే భవనాల గుంపు అని మనం అనుకుంటాం గానీ, కొంచెం తరచి చూస్తే అది ఒక పంపకం. ఉన్న కాస్త జాగా, నీళ్లు, గాలి, నీడ, నిశ్శబ్దం ఎవరికెంత, ఎవరి వంతుకి ఏం రాదు అన్న లెక్క. ఆ లెక్క పిల్లల చేతికి తగిలేలా చేయగలిగితే ఆ ప్రాజెక్టు పనికొస్తుంది, లేకపోతే అది ఒక మంచి క్రాఫ్టు పీరియడ్. (క్రాఫ్టు పీరియడ్ మీద నాకేం కోపం లేదు, అదీ కావాలి, దాన్ని సుస్థిర నగరం ప్రాజెక్టు అని పిలవడం మీదే నా అభ్యంతరం.)

చేస్తూ నేర్చుకోవడం అనే మాట కొత్తదేం కాదు. అమెరికన్ తత్వవేత్త జాన్ డ్యూయీ 1896లోనే షికాగో విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగ పాఠశాల పెట్టి పిల్లల చేత వంట, నేత, వడ్రంగం చేయిస్తూ వాటిలోంచే లెక్కలూ సైన్సూ చెప్పించాడు. ఆయన దగ్గర చదువుకున్న విలియం కిల్‌పాట్రిక్ 1918లో ప్రాజెక్టు పద్ధతి మీద రాసిన వ్యాసంతో ఆ మాట బడుల్లో బాగా పాకింది. ఇక నగరాన్నే పాఠం చేసుకున్నవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది డోరీన్ నెల్సన్ అనే టీచర్ గురించి. లాస్ ఏంజెలెస్‌లో ఆమె 1969 ప్రాంతంలో మొదలుపెట్టిన పద్ధతిలో వరస తిరగబడి ఉంటుంది, అంటే పాఠం చెప్పి ఆ తర్వాత మోడల్ చేయించడం కాకుండా, ముందు పిల్లల్ని తమకు తోచిన నగరం కట్టుకోనిచ్చి, అది ఎక్కడ తట్టుకుంటే అక్కడ పాఠం ఎత్తుకోవడం. ప్రసిద్ధ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గెరీ ఆమెకి అన్న, తొలి రోజుల్లో ఆయనా పిల్లలతో కూర్చున్నాడు. ఈ వరస తిరగేయడం అనేది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ మొత్తం ఆట దాని మీదే ఉంది. చెత్త గురించి ముందే పాఠం చెప్పి ఉంటే ఆ పాప నల్ల ఉండని బుద్ధిగా "రీసైక్లింగ్ కేంద్రం" అని రాసిన పెట్టెలో పెట్టేది. టీచర్ సంతోషించేది, పక్క బల్ల వాళ్లకి కోపం వచ్చేదే కాదు.

జాగా లెక్క

నాకు ఒకే ఒక్క పనిముట్టు ఎంచుకునే అవకాశం ఇస్తే రంగులూ వద్దు, కంప్యూటరూ వద్దు, ఒక స్కేలు, ఒక టేపు చాలు అంటాను. బల్ల మీద టేపుతో మీటరు పొడవు, మీటరు వెడల్పు గడి గీసి, ఒక సెంటీమీటరు అంటే ఒక మీటరు అని ఒప్పందం చేసుకుంటే ఆ గడి సరిగ్గా ఒక హెక్టారు అవుతుంది, రెండున్నర ఎకరాలు అనుకోండి. మనిషి ఎత్తు సెంటీమీటరున్నర చిల్లర. ఊరంతా ఇందులోనే పట్టాలి, గీత దాటకూడదు.

ఇప్పుడు పిల్లలు రోడ్డు వేస్తారు. పెద్ద రోడ్డు కావాలంటారు, అందరూ పెద్ద రోడ్డే కావాలంటారు. నాలుగు లేన్లు, ఒక్కో లేను మూడున్నర సెంటీమీటర్లు, అంటే 14. రెండు పక్కలా ఫుట్‌పాత్ రెండేసి సెంటీమీటర్లు వేస్తే మొత్తం 18. ఒక్క రోడ్డుకే నూటికి 18 వంతుల నేల పోయింది. ఇలాంటిదే ఇంకోటి అడ్డంగా వేసి కూడలి చేశారా, దాదాపు మూడో వంతు గడి నల్లబడుతుంది, ఇంకా ఒక్క ఇల్లు కూడా పెట్టలేదు. తర్వాత కార్లు. నిలబెట్టిన కారుకి రెండున్నర సెంటీమీటర్లు బై ఐదు సెంటీమీటర్ల అట్టముక్క కావాలి, అది రావడానికీ పోవడానికీ తిరగడానికీ వదలాల్సిన దారి కూడా కలిపితే ఒక్కో కారుకి సుమారు 25 చదరపు సెంటీమీటర్లు. నలభై కుటుంబాలు, నలభై కార్లు అనుకుంటే 1000 చదరపు సెంటీమీటర్లు, గడిలో పదో వంతు. రాకెట్ స్టేషన్ గురించి ఇక ఎవరూ మాట్లాడరు.

ఇక్కడ ఏ టీచరూ "కార్లు చెడ్డవి" అని చెప్పనక్కర్లేదు, చెప్పకపోతేనే మంచిది. అట్టముక్కలు పట్టడం లేదు, అంతే. ఒకడు రోడ్డు సన్నగా చేద్దాం అంటాడు, ఇంకొకడు కార్లు ఒకదాని మీద ఒకటి పెడదాం అంటాడు (బహుళ అంతస్తుల పార్కింగ్‌ని తనే కనిపెట్టానని వాడి నమ్మకం, నమ్మనివ్వండి), ఎవరో ఒకరు బస్సు అంటారు. బస్సు అంటే 12 సెంటీమీటర్ల పొడవు, రెండున్నర వెడల్పు, 30 చదరపు సెంటీమీటర్లు. నిలబెట్టిన కారు ఒక్కదానికి దారితో కలిపి కావాల్సిన జాగా కంటే పెద్ద ఎక్కువేం కాదు, కానీ అందులో యాభై మంది ఎక్కుతారు. రవాణా ఇంజనీర్లు ఏళ్ల తరబడి వాదించుకునే విషయం రెండో తరగతి పిల్లల చేతిలో కత్తెరా అట్టముక్కల మధ్య పది నిమిషాల్లో బయటపడుతుంది. గుణకారం, వైశాల్యం, శాతం అన్నీ వచ్చేశాయి, లెక్కల పీరియడ్ అని ఎవరూ అనలేదు.

టేపు గీత లేకపోతే ఇదేమీ జరగదు. జాగా ఎంతైనా ఉందంటే అన్నీ పెట్టొచ్చు, అన్నీ పెట్టగలిగినప్పుడు ఎవరూ దేని గురించీ ఆలోచించరు. కంప్యూటర్‌లో కట్టించినప్పుడు నాకు కనిపించే ఇబ్బంది కూడా ఇదే. ఐక్యరాజ్యసమితి నివాసాల విభాగం యూఎన్-హ్యాబిటాట్, మైన్‌క్రాఫ్ట్ ఆట తయారుచేసిన మోజాంగ్‌తో కలిసి 2012లో బ్లాక్ బై బ్లాక్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. పలు దేశాల్లో నిజమైన పార్కులు, కూడళ్లు ఎలా ఉండాలో అక్కడివాళ్లే, ముఖ్యంగా యువత, ఆ ఆటలో కట్టి చూపించారు. అది బాగా పనిచేయడానికి కారణం, వాళ్లకి ఖాళీ ప్రపంచం ఇవ్వకుండా అసలు స్థలాన్నే అదే కొలతలతో ఆటలోకి తెచ్చి ఇవ్వడం. హద్దు ఉందా లేదా అన్నదే తేడా, తెర అయినా అట్ట అయినా.

ఆరోగ్యం, సుస్థిరత: రెండూ ఒకటేనా?

ఈ రెండు మాటల్ని మనం జంటపదంలా కలిపి వాడేస్తాం. పిల్లలకైతే "పచ్చదనం, పరిశుభ్రత" అని కలిపి చెప్పి చేతులు దులుపుకుంటాం. నిజానికి రెండు ప్రశ్నలు వేరు. ఆరోగ్యకరమైన నగరమా అంటే, ఇక్కడ ఉండేవాళ్ల ఒంటికీ మనసుకీ ఇవాళ ఏం జరుగుతోంది అని అడుగుతున్నట్టు. సుస్థిరమా అంటే, ఇలాగే సాగితే రేపు పుట్టేవాళ్లకి ఏం మిగులుతుంది అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్య నగరాల ఉద్యమాన్ని 1986లో మొదలుపెట్టింది. సుస్థిర అభివృద్ధి అన్న మాటకి ఇప్పుడు వాడుకలో ఉన్న నిర్వచనం ఐక్యరాజ్యసమితి వేసిన బ్రంట్‌లాండ్ కమిషన్ 1987లో ఇచ్చిన నివేదికది. ఒక్క ఏడాది తేడాలో వచ్చిన ఈ రెండు ఆలోచనలూ చాలాసార్లు చేయీ చేయీ పట్టుకునే నడుస్తాయి, అప్పుడప్పుడు మాత్రం జుట్టూ జుట్టూ పట్టుకుంటాయి.

ఎలాగంటే, పిల్లలందరూ మొదట కోరేది ఇంటికో తోట. మంచి గాలి, ఆడుకోవడానికి చోటు, ఆరోగ్యానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ గడిలో ఇంటికో తోట పెడితే పదిహేను ఇళ్లకే అయిపోతుంది. మిగతా ఇళ్లు ఇంకో గడిలోకి, ఆపై ఇంకో గడిలోకి. బడి ఒకచోట, ఇల్లు ఒకచోట, మధ్యలో ఎవరూ నడవలేనంత దూరం, ఆ దూరానికి మళ్లీ కార్లు, కార్లకి మళ్లీ రోడ్లు. తోట కోసం పరిచిన ఊరు చివరికి పొగ తాగుతుంది. సరే, ఇళ్లన్నీ పైకి కడదాం అంటారు. దగ్గర దగ్గరగా ఎత్తైన పెట్టెలు పేరుస్తారు. అప్పుడు లైట్లు ఆపి మొబైల్ టార్చిని సూర్యుడిలా ఒక పక్క నుంచి వేయండి. కింది అంతస్తు, పార్కు, ఆటస్థలం అంతా నీడలో పడిపోతాయి. ఎండ మండే ప్రాంతంలో ఆ నీడ వరం, చలి ప్రాంతంలో అదే శాపం, కాబట్టి జవాబు ఆ ఊరి వాతావరణాన్ని బట్టి ఉంటుంది. టార్చి పట్టుకున్న పిల్ల పెట్టెల్ని అటూ ఇటూ జరుపుతూ, ఒకటి తగ్గిస్తూ, ఒకటి పెంచుతూ పావుగంట గడిపిందంటే ఆ పావుగంటే ఈ ప్రాజెక్టు మొత్తానికి ఖరీదైన సమయం.

చెట్ల విషయంలోనూ ఇంతే. చెట్లు ఎక్కడ పెట్టినా మంచిదే అని పెద్దవాళ్లం కూడా నమ్ముతాం. రెండు పక్కలా ఎత్తు భవనాలున్న ఇరుకు రోడ్డు మీద కొమ్మలు పైకప్పులా కమ్ముకుంటే కింద వాహనాల పొగ పైకి పోలేక అక్కడే తిరుగుతుంది. అదే చెట్టు బడి గేటు దగ్గర నీడ ఇస్తే అమృతం. నెదర్లాండ్స్‌కి చెందిన అర్బన్ ఫారెస్ట్రీ నిపుణుడు సెసిల్ కోనైనెండైక్ 2021లో ఒక తేలికైన కొలబద్ద చెప్పాడు: 3-30-300. ప్రతి ఇంటి కిటికీలోంచి కనీసం మూడు చెట్లు కనబడాలి, ప్రతి పేటలో 30 శాతం నేల మీద చెట్ల నీడ ఉండాలి, ఏ ఇంటి నుంచైనా 300 మీటర్లలోపు పార్కు ఉండాలి. పిల్లలకి ఇది చాలా నచ్చే నియమం, ఎందుకంటే సరిచూడొచ్చు. మూడు మీటర్ల చెట్టు నీడంటే మూడు సెంటీమీటర్ల సీసా మూత, ఏడు చదరపు సెంటీమీటర్లు. మీటరు గడిలో 30 శాతం నీడ కావాలంటే అలాంటి మూతలు నాలుగువందలకు పైనే కావాలి. అన్ని మూతలు ఎక్కడ దొరుకుతాయి? కాబట్టి చిన్న మొక్కలు వందలు నాటడం కంటే ముందే ఉన్న పెద్ద చెట్టుని కొట్టకపోవడం ఎంత లాభమో, ఒక సాసరు తెచ్చి మూతల పక్కన పెడితే చాలు.

వానది ఇంకో కథ. ఒక పళ్లెంలో స్పాంజి ముక్కలు, ఇంకో పళ్లెంలో ప్లాస్టిక్ షీటు పరిచి, రెండిటిమీదా ఒకే చెంబుతో ఒకే కొలత నీళ్లు పోయండి. స్పాంజి మీద పోసినవి కనబడవు, షీటు మీద పోసినవి బల్ల మీదికి, బల్ల మీంచి ఎవరి ఒళ్లోకో పోతాయి. 2011 జులై 2న కోపెన్‌హాగెన్ మీద కుంభవృష్టి కురిసి కొద్ది గంటల్లోనే నగరం మునిగింది. ఆ తర్వాతి ఏడాది ఆ నగరం వేసుకున్న ప్రణాళికలో పెద్ద మురుగు పైపులతో పాటు మామూలు రోజుల్లో పార్కుగా ఉంటూ వాన రోజున చెరువయ్యే చోట్లు కూడా ఉన్నాయి. ఒకే జాగా రెండు పనులు చేయడం అన్నమాట. బల్ల మీద జాగా చాలక సతమతమవుతున్న పిల్లలకి ఇది పెద్ద ఊరట, ఆటస్థలాన్ని రెండు వేళ్ల లోతు పల్లం చేస్తే సరిపోతుంది, వెంటనే తవ్వడం మొదలుపెడతారు.

నల్ల ఉండ సంగతి మధ్యలో వదిలేశాను. రెండు బల్లల గొడవ సాధారణంగా రెండు దశల్లో సాగుతుంది. మొదట దాన్ని అటూ ఇటూ నెట్టుకుంటారు, నది పక్కన పెడదామంటే కింది బల్ల వాళ్లు ఒప్పుకోరు, ఎందుకంటే నీలం గుడ్డ వాళ్ల ఊరిలోకే పోతోంది. ఆ తర్వాత ఎవరికో దాన్ని విప్పి చూడాలనిపిస్తుంది. విప్పితే అందులో సగం తడి చెత్త, మట్టిలో కలిసిపోయేది. కొంత కాగితం, కొంత గాజు, కొంత ఇనుము. అవి తీసేస్తే ఉండ చిన్నదవుతుంది, కానీ మాయమవదు. ఈ చివరి మాట పిల్లలతో నిజాయితీగా చెప్పాలి. రీసైక్లింగ్ గుర్తు అతికించగానే చెత్త గాల్లో కలిసిపోతుందన్నట్టు చెప్పే పాఠాలు నాకు ససేమిరా నచ్చవు. మిగిలిన చిన్న ఉండని పెట్టడానికి ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరి పక్కన, చోటు చూడాల్సిందే.

మోకాళ్ల మీద నిలబడి

బల్ల దగ్గరే కూర్చుంటే ఇది ఎంత బాగున్నా బొమ్మలాటే. ఒక్కసారైనా వీధిలోకి వెళ్లాలి, ఇంకా చెప్పాలంటే ముందు వీధిలోకి వెళ్లొచ్చి తర్వాత బల్ల దగ్గర కూర్చోవాలి. నెదర్లాండ్స్‌లోని వాన్ లీర్ ఫౌండేషన్ అర్బన్95 అనే కార్యక్రమం నడుపుతోంది. 95 అంటే సెంటీమీటర్లు, ఆరోగ్యంగా ఉన్న మూడేళ్ల పిల్ల సుమారు ఎత్తు. ఆ ఎత్తు నుంచి చూస్తే మీ నగరంలో ఏం మారుస్తారు అని వాళ్లు మేయర్లని అడుగుతారు. దీనికి ఖర్చేం లేదు, మీరూ చేసి చూడండి. ఫుట్‌పాత్ మీద మోకాళ్ల మీద నిలబడి ఫోన్‌ని ఛాతీ ఎత్తులో పట్టుకుని ఫొటో తీస్తే తెరలో పడేది ఆపి ఉన్న కారు బానెట్, చెత్తబుట్ట, ఒక మోటార్‌సైకిల్ సైలెన్సరు. అవతలి నుంచి వచ్చే బండి కనబడదు. ఆ బండి నడిపేవాడికీ మీరు కనబడరు.

పిల్లలు చిన్న సైజు పెద్దవాళ్లు కారు. వాళ్లు పెద్దవాళ్లకంటే వేగంగా ఊపిరి పీలుస్తారు, ఒంటి బరువుతో పోల్చితే ఎక్కువ గాలి లోపలికి తీసుకుంటారు, పైగా వాళ్ల ముక్కు ఉండేది పొగ గొట్టాల ఎత్తుకి దగ్గరగా. ప్రపంచంలో 15 ఏళ్లలోపు పిల్లల్లో 93 శాతం మంది ప్రమాణాలకి మించిన సూక్ష్మ ధూళి ఉన్న గాలే పీలుస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లెక్క చెప్పింది. అదే సంస్థ 5 నుంచి 17 ఏళ్లవాళ్లు రోజుకి సగటున గంటసేపైనా ఒళ్లు కదిలేలా ఆడాలంటుంది. 2016 నాటి గణాంకాల ప్రకారం 11 నుంచి 17 ఏళ్లవాళ్లలో 81 శాతం మంది అంత ఆడటం లేదు. పిల్లలు బద్ధకస్తులైపోయారని, ఫోన్లు పాడుచేశాయని మనం తిట్టుకుంటాం, అందులో కొంత నిజం ఉండొచ్చు గాక, బయట కాలు పెట్టే చోటు ఏదీ అని మాత్రం అడగం.

వీధిలో పిల్లలు కొలవగలిగినవి చాలానే ఉన్నాయి, పదిహేను నిమిషాల్లో ఎన్ని బండ్లు పోయాయో, నీడలో ఎంత వేడి, తారు మీద ఎంత వేడి, మొబైల్ యాప్‌లో ఎంత చప్పుడు. అన్నిట్లోకీ నాకు ఇష్టమైనది తాడు లెక్క. గంటకి 30 కిలోమీటర్ల వేగంతో వస్తున్న కారు, డ్రైవరు చూసి బ్రేకు వేయడానికి ఒక సెకను పట్టిందనుకుంటే, పొడి రోడ్డు మీద సుమారు 13 మీటర్లు పోయి ఆగుతుంది. 50తో వస్తే 28 మీటర్ల దాకా పోతుంది. ఈ రెండు పొడవుల తాళ్లు ఆటస్థలంలో పరవండి. ఒక పిల్లాడిని 15 మీటర్ల దగ్గర నిలబెట్టండి. మొదటి తాడు వాడి ముందే ఆగిపోతుంది. రెండోది వాడిని దాటి ఇంకా పోతూనే ఉంటుంది. క్లాసంతా చప్పున ఊరుకుంటుంది, దీన్ని వివరించే ఉపన్యాసం ఏదీ అక్కర్లేదు. బల్ల దగ్గరికి తిరిగొచ్చాక బడి ముందు రోడ్డు మీద ఎర్రటి అక్షరాలతో 30 అని రాయమని ఎవరికీ చెప్పాల్సిన పని ఉండదు.

రోడ్డు మనుషుల్ని ఎలా విడదీస్తుందో కూడా ఇక్కడే ముడిపెట్టొచ్చు. డోనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే నగర పరిశోధకుడు 1960ల చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంచుమించు ఒకేలాంటి మూడు వీధుల్ని పరిశీలించాడు. తేడా అంతా రోజుకి పోయే వాహనాల్లోనే, ఒకదాంట్లో 2000, మధ్యదాంట్లో 8000, మూడోదాంట్లో 16000. వాహనాలు తక్కువున్న వీధిలో ఒక్కొక్కరికి అదే వీధిలో సగటున ముగ్గురు స్నేహితులు ఉన్నారు, ఎక్కువున్న వీధిలో సగటు ఒకటికి కూడా చేరలేదు. ఇది పిల్లలకి చెబితే వాళ్లు అడిగే ప్రశ్న ఒకటే ఉంటుంది: "మరి ఆ వీధిలో పిల్లలు ఎవరితో ఆడుకున్నారు?"

పనిచేస్తుందా మరి?

ప్రాజెక్టు చదువుని గుడ్డిగా పొగిడేవాళ్లు ఒక విషయం దాటేస్తారు. పాల్ కిర్ష్నర్, జాన్ స్వెల్లర్, రిచర్డ్ క్లార్క్ అనే ముగ్గురు పరిశోధకులు 2006లో గట్టి విమర్శ రాశారు. కొత్తగా నేర్చుకునేవాళ్లని దారి చూపకుండా వదిలేసి "మీరే కనిపెట్టండి" అంటే వాళ్ల బుర్ర మీద భారం పెరిగి నేర్చుకునేది తగ్గుతుందని దాని సారాంశం. నాకది సబబుగానే అనిపిస్తుంది. ఏడేళ్ల పిల్లల ముందు అట్టలూ జిగురూ పోసి "సుస్థిర నగరం కట్టండి" అంటే రాకెట్ స్టేషనే వస్తుంది. టేపు గీత, స్కేలు, "చెత్త ఎక్కడికి?" అన్న ప్రశ్న, బల్లని లాక్కొచ్చి ఆనించడం, ఇవన్నీ టీచర్ ముందే ఆలోచించి పెట్టుకున్న వలలు. పిల్లలకి స్వేచ్ఛలా కనబడే దాని వెనక టీచర్ చేసిన కసరత్తు ఉంటుంది, మామూలు పాఠానికంటే ఎక్కువే ఉంటుంది.

రెండో వైపు ఆధారం కూడా ఉంది. అమెరికాలోని మిషిగన్‌లో పేద కుటుంబాల పిల్లలు ఎక్కువగా ఉన్న 20 బడుల్లో, 48 మంది రెండో తరగతి టీచర్లతో నెల్ డ్యూక్ అనే పరిశోధకురాలి బృందం ఒక ప్రయోగం చేసి ఫలితాలు 2021లో ప్రచురించింది. ఎవరు ప్రాజెక్టులు చేయించాలి, ఎవరు మామూలుగా చెప్పాలి అన్నది లాటరీ తీసినట్టు తేల్చారు. ప్రాజెక్టులు చేసిన పిల్లలు సాంఘిక శాస్త్రంలోనూ, సమాచారం ఉన్న పాఠాలు చదివి అర్థం చేసుకోవడంలోనూ మిగతావాళ్ల కంటే ముందున్నారు. రాతలో, చదువు మీద ఉత్సాహంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. చూశారా, "పిల్లలకి భలే ఉత్సాహంగా ఉంటుంది" అని మనం ముందుగా చెప్పుకునే కారణమే అక్కడ తేలలేదు, ఎవరూ పెద్దగా మాట్లాడని చదివి అర్థం చేసుకోవడం తేలింది. అలా ఎందుకు జరిగిందో నా ఊహ నాది: తమకి నిజంగా జవాబు కావాల్సినప్పుడు పిల్లలు కాగితం ఇంకొంచెం జాగ్రత్తగా చదువుతారు.

చెడగొట్టే దారులు కూడా చెప్పాలి, అవి నాకు బాగా తెలిసినవి. ప్రదర్శన రోజు అని తేదీ పెట్టగానే మోడల్ ఇంటికి పోతుంది, రాత్రి పదకొండింటిదాకా అమ్మానాన్నలు టెన్షన్‌తో కత్తిరించి అతికిస్తారు, పొద్దున దాన్ని పిల్లాడు మోసుకొస్తాడు. సుస్థిర నగరాన్ని థర్మోకోల్‌తో కట్టి దాని మీద మెరుపు పొడి చల్లడం ఇంకో వింత, ఆ నగరమే వారం తిరక్కుండా నల్ల ఉండలో చేరుతుంది. వీటన్నిటికంటే పెద్దది, ఒకేసారి కట్టి వదిలేయడం. కట్టిన ఊరిని కనీసం రెండుసార్లయినా విప్పి మళ్లీ కట్టించకపోతే టార్చి వేసి లాభం లేదు, నీళ్లు పోసీ లాభం లేదు. అందుకే జిగురు కంటే బ్లూ టాక్ లాంటి ఊడొచ్చే బంక మేలు.

పెద్దవాళ్లు వింటారా

1989 నాటి బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం, తమకు సంబంధించిన విషయాల్లో పిల్లలకి అభిప్రాయం చెప్పే హక్కు ఉందనీ, వాళ్ల వయసుకీ పరిణతికీ తగినట్టు దానికి విలువ ఇవ్వాలనీ అంటుంది. రోడ్డు వాళ్లకి సంబంధించిన విషయం కాదని ఎవరనగలరు? రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు 1992లో యూనిసెఫ్ కోసం పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా గీశాడు. అందులో కింది మూడు మెట్లని అసలు భాగస్వామ్యమే కాదన్నాడు: పిల్లల్ని తమ మాట పలికించడానికి వాడుకోవడం, అలంకారానికి వేదిక మీద నిలబెట్టడం, పేరుకి అడిగి పక్కన పెట్టేయడం. పిల్లల మోడల్ పక్కన నిలబడి అతిథి ఫొటో దిగి వెళ్లిపోయిన ప్రతి కార్యక్రమం రెండో మెట్టు మీదో మూడో మెట్టు మీదో ఉన్నట్టే.

పైమెట్లు ఎక్కినవాళ్లు లేకపోలేదు. ఇటలీలో ఫానో అనే ఊళ్లో ఫ్రాంచెస్కో తొనుచ్చి అనే విద్యావేత్త 1991లో పిల్లల నగరం అనే పనిని మొదలుపెట్టాడు. ఆయన వాదన చాలా సూటిగా ఉంటుంది: నగరాలన్నీ కారు నడిపే, ఉద్యోగం చేసే పెద్దమనిషిని మనసులో పెట్టుకుని కట్టారు, అతని స్థానంలో పిల్లని కొలబద్దగా పెట్టుకుంటే ముసలివాళ్లకీ వికలాంగులకీ అందరికీ ఊరు బాగుపడుతుంది. ఆ బాటలో నడిచిన ఊళ్లలో స్పెయిన్‌లోని పోంతెవెద్రా ఒకటి. అక్కడ 1999 నుంచి ఊరి నడిబొడ్డున కార్లని బాగా తగ్గించుకుంటూ వచ్చారు, పిల్లలు బడికి నడిచి పోయే దారుల్ని ప్రత్యేకంగా చూసుకున్నారు.

బడి ప్రాజెక్టుకి ఇంత పెద్ద లక్ష్యం పెట్టుకోనక్కర్లేదు. "మా నగరం ఇలా ఉండాలి" అని ముప్ఫై కోరికల జాబితా పంపితే మున్సిపాలిటీ వాళ్లు చప్పట్లు కొట్టి ఊరుకుంటారు, అంతకంటే ఏం చేయగలరు. ఒకే ఒక్క పని అడగాలి, అదీ కొలిచి అడగాలి. బడి గేటు ముందు పావుగంటలో ఇన్ని బండ్లు పోయాయి, 95 సెంటీమీటర్ల ఎత్తు నుంచి ఇదిగో ఫొటో, గేటుకి ఎడమవైపు ఆపే రెండు కార్లు లేకపోతే డ్రైవరుకి మేం కనబడతాం, ఆ చోట ఒక చెట్టు నాటండి. ఇంతే ఉత్తరం. దీనికి జవాబు రాయకుండా తప్పించుకోవడం కష్టం.

జవాబు "కుదరదు" అని వచ్చినా నష్టం లేదు, కారణం రాస్తే చాలు. రెండు కార్లూ తీయించగలం గానీ అక్కడ చెట్టు నాటలేం, కింద మంచినీళ్ల పైపు ఉంది, వేళ్లు పైపుని పగలగొడతాయి అని ఒక ఇంజనీరు రాశాడనుకోండి. పైపు సంగతి పిల్లలకి ఎవరికీ తట్టలేదు, వాళ్ల నగరానికి అడుగు భాగమే లేదు మరి. అప్పుడు ఎవరో ఒకరు బల్ల కిందికి దూరి వెల్లకిలా పడుకుంటారు, ఇంకొకరు స్ట్రాలూ టేపూ అందిస్తారు, పైన కూర్చున్న పాప ప్రతి ఇంటి మీదా వేలు పెట్టి "ఇక్కడ, ఇంకొంచెం ఇటు, బడి ఇక్కడుంది" అని చెబుతూ ఉంటుంది.